‘చిన్న చేపను వేసి పెద్ద చేపను పట్టినట్టు’ అంటే?

ఈ సామెతకు అర్థం అడిగితే, బలవంతుడు బలహీనుణ్ణి మింగెయ్యడమని చాలామంది రాశారు. అది మత్స్యన్యాయం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వస్తుంది: దండించే రాజు లేనిచోట పెద్దది చిన్నదాన్ని మింగుతుందని. అక్కడున్నవి రెండు చేపలే. మన సామెతలో మూడోవాడున్నాడు, గాలం వేసినవాడు. ‘వేసి’, ‘పట్టి’ రెండు పనులూ అతనివే. పెద్ద చేప ఇందులో గెలవదు, దొరికిపోతుంది. ఈ తేడా వదిలేస్తే సామెతలో పసే పోతుంది.

గోదావరి పాయల్లో గాలం వేసేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటే ఇది ఎంత నిజమైన మాటో తెలుస్తుంది. వరద తగ్గి నీరు తేటపడ్డాక పొద్దున్నే మొదలుపెడతారు. సన్న గాలానికి ఎర్ర ముక్క గుచ్చి (వానపామును మావైపు ఎర్ర అంటారు), తాడుకు జీలుగు బెండు కట్టి, ఒడ్డువార నాచు పక్కన వేస్తారు. పరిగె అనే చిన్న చేప ఒక్కసారిగా మింగదు, కొరుక్కు తింటుంది. బెండు వణుకుతూనే ఉంటుంది. తొందరపడి లాగినా ఎర పోతుంది, ఆలస్యం చేసినా పోతుంది. జెల్ల అయితే బెండును చటుక్కున ముంచేస్తుంది గానీ, గాలం నుంచి తీసేటప్పుడు దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యి చాలాసేపు సలుపుతుంది.

పడ్డ పరిగెల్లో ఒకటి రెండింటిని తపేలా నీళ్లలో బతికించి ఉంచుతారు. తర్వాత పెద్ద గాలానికి, వీపు రెక్క దగ్గర, వెన్నుకు తగలకుండా గుచ్చి వదులుతారు. చచ్చిన చేపను వేస్తే అంత పని జరగదు. అది ఈదుతూ ఉండాలి, కొర్రమీను కదిలేదాన్ని చూసే మీదికొస్తుంది.

కొంచెం ఇచ్చి ఎక్కువ రాబట్టడం అనే వాడుక అర్థం సరైనదే. కాకపోతే ఆ ‘కొంచెం’ ఊరికే వచ్చింది కాదు. పొద్దుటినుంచి ఓపికపట్టి పట్టిన చేప అది. కొర్రమీను పడకపోతే చింతకాయ వేసిన పరిగెల పులుసులో ఆ మేరకు తగ్గినట్టే. చిన్న చేపల్ని ముళ్లతో సహా నమిలి తినే ఇళ్లలో అది నిజమైన నష్టం. చేతిలో ఉన్నదాన్ని పణంగా పెట్టడం కూడా ఈ సామెతలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి చిన్న అప్పు తీర్చి, ఆ నమ్మకంతో పెద్ద అప్పు పుట్టించుకున్నవాడికి ఈ మాట అతుకుతుంది. పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కొనేస్తే మాత్రం అతకదు, దానికి మత్స్యన్యాయమే సరి. పేపర్లలో నేరగాళ్లను ‘పెద్ద చేపలు’ అనడం ఇంకో దారి, దాన్ని ఇందులో కలపక్కర్లేదు.

ఇలాంటి చిన్న చేపలకు తెలంగాణలో పరకలు అనే మాట విన్నాను. ఈ సామెతను మీ ఊళ్లో చేప పేరుతోనే చెబుతారా? ‘పట్టినట్టు’ అంటారా, ‘లాగినట్టు’ అంటారా? ఊరు, జిల్లా కూడా రాయండి.