బ్యాంకాక్ నుంచి కాంచనబురి: పెద్దవాళ్లతో ఒక్కరోజులో అవుతుందా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నాం. నాన్నగారు రైల్వేలో రిటైరయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేయించిన 'డెత్ రైల్వే'ని కాంచనబురిలో చూసి తీరాలంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయగలమా? రైలు మేలా, కారా?

జవాబు: వచ్చేయొచ్చండీ, కానీ రైలొక్కటే నమ్ముకోకండి. బ్యాంకాక్‌లోని తోన్‌బురి స్టేషన్‌లో ఉదయం 7.50 బండి ఎక్కితే, లైను చివరి స్టేషన్ నామ్‌టోక్ చేరేసరికి పన్నెండున్నర దాటుతుంది. తిరుగు బండి 12.55కే. ఇక చూసేదెప్పుడు?

రోజంతటికీ కారు మాట్లాడుకుని తెల్లవారుజామున ఆరింటికే బయల్దేరండి. ముందు నేరుగా హెల్‌ఫైర్ పాస్ (నరకాగ్ని కనుమ), అంటే పట్టాల కోసం కొండరాతిని తొలిచిన చోటు. టికెట్ లేదు. నాన్నగారు కటింగ్‌లోకి దిగితే గోడల మీద సుత్తీ ఉలి గాట్లు కనిపిస్తాయి. ఒకచోట విరిగిన డ్రిల్ ముక్క రాతిలో ఇప్పటికీ ఇరుక్కునే ఉంది. బక్కచిక్కిన యుద్ధఖైదీల చేత రాత్రిళ్లు మంటల వెలుతురులో పనిచేయించారు, ఆ పేరు అందుకే. కిందికి మెట్లు చాలా ఉన్నాయి, అమ్మగారిని పైన మ్యూజియంలోనే కూర్చోబెట్టండి.

అక్కణ్ణుంచి నామ్‌టోక్ స్టేషన్‌కి వచ్చి 12.55 బండి ఎక్కండి, డ్రైవర్‌ని కాంచనబురిలో కలవమనండి. కుడివైపు కిటికీ పట్టుకోండి. థామ్ క్రాసే దగ్గర కొండ అంచున, నది మీదుగా, చెక్క దూలాల వంతెనపై బండి నత్తనడక నడుస్తుంది. నాకైతే కాంచనబురిలో అందరూ చూసే ఖ్వాయ్ నది వంతెన కన్నా అదే ముఖ్యం. ఖ్వాయ్ వంతెన నడుమ రెండు స్పాన్లు (స్తంభాల మధ్య భాగాలు) యుద్ధం తర్వాత మార్చినవి, వంపు తిరిగినవే అసలువి. బండి టైములు ముందురోజు సరిచూసుకోండి.

మరొకరు: కాంచనబురి యుద్ధ శ్మశానం స్టేషన్‌కి దగ్గరే. దాదాపు 7,000 సమాధులు, ఎక్కువగా బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులవి. ఎదురుగా ఉన్న రైల్వే సెంటర్ మ్యూజియంకి గంట కేటాయించండి. 415 కిలోమీటర్ల లైను 1943 అక్టోబరుకల్లా ఎలా పూర్తిచేయించారో మ్యాపులతో సహా అర్థమవుతుంది.

ప్రశ్న: చాలా థ్యాంక్సండీ. మా తాతగారి చిన్నాన్న శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకు వెళ్లి, ఈ రైల్వే పనికి తీసుకుపోయాక తిరిగి రాలేదట. ఆ శ్మశానంలో పేరుంటుందా?

జవాబు: ఉండదండీ. అది సైనికులది. చనిపోయిన ఖైదీలు 12,000 పైచిలుకు, కూలీలు దాదాపు 90,000 అని అంచనా. మలయా తోటల తమిళులు, మన తెలుగువాళ్లు, బర్మా, జావా జనం. కలరాతో పోయినవాళ్లను గుంపుగా పూడ్చేశారు, రాయి లేదు, పేరు లేదు. టూరు వ్యాన్లు ఆ ఊసే ఎత్తవు, నాకు అది చాలా బాధ. వాళ్ల అస్థికల మీద కట్టిన స్తూపం వాట్ తావోర్న్ వరారామ్ గుడిలో ఉంది, యుద్ధ శ్మశానానికి దగ్గర్లోనే. నాన్నగారిని తప్పకుండా అక్కడికి తీసుకెళ్లండి. గుడి పేరు థాయ్ లిపిలో రాయించుకుని డ్రైవర్‌కి పొద్దున్నే ఇవ్వండి, లేకపోతే వంతెన దగ్గరే దింపేస్తారు.