ఉపనాయకుణ్ని ఎవరు ఎన్నుకోవాలి? 1981 లేబర్ ఎన్నికపై చర్చ

గోదారిగట్టు: 1981 సెప్టెంబరు 27న బ్రైటన్ మహాసభలో బ్రిటన్ లేబర్ పార్టీ ఉపనాయకుడిగా డెనిస్ హీలీ గెలిచారు. హీలీకి 50.426 శాతం, ఆయనతో పోటీపడ్డ వామపక్ష నేత టోనీ బెన్‌కి 49.574. అంతకుముందు ఈ పదవికి ఎంపీలే ఓటేసేవారు. ఆ ఏడాదే యూనియన్లకు 40 శాతం, నియోజకవర్గ పార్టీలకు, అంటే పార్టీ స్థానిక శాఖలకు 30, ఎంపీలకు 30 అని ఓటు బలం పంచారు. నియోజకవర్గాల ఓటులో ఐదింట నాలుగు వంతులు బెన్‌దే. అయినా ఓడారు. ఊరూరా తిరిగి పార్టీని మోసేవాళ్ల మాట నెగ్గకపోతే వాళ్లకి ఓటిచ్చి లాభమేంటి?

లెక్కలపుస్తకం: అన్నా, ముందు యూనియన్ల ఓటు ఎలా పడిందో చూడండి. అన్నిటికన్నా పెద్దదైన రవాణా కార్మికుల యూనియన్ తన ప్రాంతాల్లో అభిప్రాయం అడిగితే మొగ్గు హీలీకే కనిపించింది. తీరా మహాసభలో దాని ప్రతినిధులు మొదటి రౌండ్‌లో మూడో అభ్యర్థి జాన్ సిల్కిన్‌కి, ఆయన పోటీలోంచి పోయాక బెన్‌కి వేశారు. లక్షల ఓట్లు ఒకే మూటగా! వామపక్షం వైపు మొగ్గే ప్రభుత్వరంగ ఉద్యోగుల యూనియన్ నూపే మాత్రం సభ్యులను అడిగింది, వాళ్లు హీలీ అన్నారు, అలాగే వేసింది. అడిగి వేసిన ఓటు అంటే అదీ.

మా నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ గేటు మీటింగులో నాయకుడు "అందరూ ఒప్పుకున్నట్టేనా?" అనేవాడు. వెనక సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ నాన్న నోరు తెరిచేలోపే చప్పట్లు పడిపోయేవి. అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల.

గోదారిగట్టు: మూట ఓటు తప్పే, ఒప్పుకుంటాను. మరి నీల్ కిన్నక్, ఇంకొందరు ఎంపీలు రెండో రౌండ్‌లో ఎవరికీ వేయలేదు కదా? ఒక శాతం కూడా లేని తేడాలో అదీ లెక్కే. పైగా ఇప్పుడు మనిషికో ఓటు వచ్చింది. 2025లో ఇదే ఉపనాయక పదవికి లూసీ పావెల్ 54.3 శాతంతో గెలిస్తే, ఓటేసినవాళ్లు 16.6 శాతమే!

లెక్కలపుస్తకం: ఓటేయకుండా ఇంట్లో కూర్చోవడం సభ్యుడి ఇష్టం. అతని పేరు మీద ఇంకొకరు వేసేయడం అలాంటిది కాదు. అయినా 2025లో నాకు నచ్చనిది వేరే ఉంది. 80 మంది ఎంపీల మద్దతు లేనిదే బరిలోకి రాలేరు. ఆరుగురు ముందుకొస్తే సభ్యుల దాకా ఇద్దరే చేరారు. ఆ 80ని తగ్గించమని అడగాలి మనం. ఓటు మళ్లీ ఎంపీలకే అప్పగిద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను.