పేద కుటుంబాల వైద్య ఖర్చు తక్కువగా కనిపిస్తే, వాళ్లకు రక్షణ ఉన్నట్టేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్నాను, ప్రాజెక్టు కోసం కుటుంబాల ఖర్చుల సర్వే డేటా చూస్తున్నాను. ఇంటి మొత్తం ఖర్చులో 10 శాతం లేదా 25 శాతం దాటి సొంత జేబులోంచి వైద్యానికి పోతే దాన్ని మోయలేని ఖర్చు కింద లెక్కిస్తారు కదా, సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో కూడా ఈ గీతలే వాడుతూ వచ్చారు. నేనూ అలాగే లెక్క వేస్తే, గీత దాటినవాళ్లు బాగా పేద కుటుంబాల్లో తక్కువగా, కాస్త ఉన్నవాళ్లలో ఎక్కువగా తేలారు. కోడ్ రెండుసార్లు సరిచూసుకున్నాను, తప్పేం దొరకలేదు. పేదలకు ఆర్థిక రక్షణ బాగానే ఉందని రాయొచ్చా? రాయడానికి మనసొప్పడం లేదు, కాదనడానికి ఆధారమూ లేదు. వచ్చే వారం సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అలా రాయకండి. డబ్బుల్లేక ఆస్పత్రికి వెళ్లని మనిషి ఖర్చు సున్నా, ఉచితంగా మంచి వైద్యం అందిన మనిషి ఖర్చూ సున్నానే, మీ టేబుల్లో ఇద్దరూ ఒకే గడిలో ఉంటారు. సర్వేలకు తిరిగిన రోజుల్లో ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచి వచ్చి, "వైద్యానికి ఖర్చేం లేదమ్మా" అంది. సున్నా రాసుకుని వచ్చేశాను. ఇన్నేళ్లయినా ఆ సున్నా నన్ను వదల్లేదు. పైగా దారి ఖర్చులు, పోయిన కూలి ఈ లెక్కలోకి రావు. గత 12 నెలల్లో వైద్యం అవసరమై కూడా తీసుకోలేకపోయారా, ఎందుకు అనే ప్రశ్న మీ సర్వేలో ఉందేమో చూడండి. యూరప్ దేశాల ఆదాయ సర్వేలో ఇది అడుగుతారు, ఖర్చా, దూరమా, వెయిటింగ్ లిస్టా అని కారణంతో సహా.

జవాబు 2:
ఒక సందేహం. ఫీజు చూసి మానుకున్నవాళ్లంతా నిజంగా అవసరం ఉన్నవాళ్లేనని ఎలా చెప్పగలం? అంతా ఉచితం చేస్తే చిన్న జలుబుకు కూడా క్యూ కడతారు కదా, అసలు రోగి వెనకబడతాడు.

జవాబు 3:
ఇది పరీక్షించి చూసిన విషయమేనండీ. 1970ల్లో అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ కుటుంబాలను లాటరీ పద్ధతిలో విడదీసి కొందరికి పూర్తి ఉచిత వైద్యం ఇచ్చింది, మిగతావాళ్ల చేత బిల్లులో 25, 50, 95 శాతం దాకా కట్టించింది, ఏడాదికి వాళ్లు కట్టే మొత్తానికి ఒక పరిమితి పెట్టి. కట్టాల్సి వచ్చినవాళ్లు వైద్యం తగ్గించుకున్నారు, మీ మాట అంతవరకు నిజమే. కానీ పనికొచ్చే వైద్యాన్నీ, పెద్దగా పనికిరానిదాన్నీ దాదాపు సమానంగా తగ్గించుకున్నారు. ఏది అవసరమో రోగికి తెలిస్తే ఇక డాక్టరెందుకు? సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు, అదీ చెప్పాలి. తేడా కనిపించింది బీపీ ఉన్న పేదల్లో, ఉచితంగా చూపించుకున్నవాళ్లకు బీపీ బాగా అదుపులోకి వచ్చింది. కెన్యాలో గర్భిణులకు దోమతెరలు ఇచ్చిన ప్రయోగం కూడా చూడండి. ధర సున్నా నుంచి 0.60 డాలర్లకు పెరిగేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు పడిపోయారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎక్కువ శ్రద్ధగా వాడిందీ లేదు.

జవాబు 2:
దోమతెరల సంగతి నాకు తెలీదు. థాంక్సండీ, చదువుతాను.

ప్రశ్న అడిగినవారు:
ఆ ప్రశ్న మా సర్వేలో ఉంది! కానీ పేద కుటుంబాల్లో చాలామంది అసలు జబ్బే లేదని చెప్పారు. మళ్లీ మొదటికే వచ్చాను.

జవాబు 1:
అదీ ఇదే కథ. అమర్త్య సేన్ 2002లో దీని గురించే రాశారు: ఆయుర్దాయం ఎక్కువున్న కేరళలో జబ్బులున్నాయని చెప్పేవాళ్లు ఎక్కువ, బిహార్‌లో తక్కువ. డాక్టర్ని చూడనివాళ్లకు తమ నొప్పి జబ్బని చెప్పేవాళ్లు ఉండరు, వయసు మీద పడిందనుకుని సర్దుకుపోతారు. మీ సర్వేలో బీపీ మిషన్ పెట్టి కొలిచిన రీడింగులు ఉంటే వాటిని తీసుకోండి. రీడింగ్ ఎక్కువ ఉండి, జబ్బు లేదని చెప్పి, ఖర్చు సున్నా ఉన్నవాళ్లు ఎంతమందో ఆదాయ వర్గాలవారీగా విడిగా లెక్కపెట్టండి. ఆ టేబుల్ మీ మొదటి టేబుల్ పక్కనే పెట్టండి, అనుబంధంలోకి తోసేయొద్దు.