అమ్మగారి కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్: ఎక్కడ దించుకోవాలి, ముందుగా ఏం మార్చాలి?

ప్రశ్న:
నమస్కారం. ఇంతవరకు ఫోను తప్ప వాడని మా అమ్మగారి కోసం విండోస్ 11 కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పెట్టాను. వెతికితే కనిపించిన ఒక సైటు నుంచి దించుకున్న ఫైలు, అడగని టూల్‌బార్‌ను (బ్రౌజర్ పైభాగంలో చేరే అదనపు పట్టీ) కూడా వెంట తెచ్చింది. సరైన చోటు ఏది? పైగా మెయిల్‌లోని లింకులు ఇంకా విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటున్నాయి. ఆవిడ తెలుగు మాత్రమే చదవగలరు.

మొదటి సమాధానం:
ముందుగా ఆ ఫైర్‌ఫాక్స్‌నే తీసివేయండి. విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం అమర్చి చూస్తే, ఆ రోజు దానితో పాటు చేరినవన్నీ ఒకచోటే కనిపిస్తాయి, వాటినీ తొలగించండి. వెతికినప్పుడు పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలే కాబట్టి, ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ చిరునామా అయిన మొజిల్లా డాట్ ఆర్గ్‌ను మీరే ఇంగ్లీషులో టైపు చేసి, అక్కడి నుంచి దించుకోవడం మేలు. ఆ ఫైలు చిన్నది, మిగిలినదాన్ని ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తెచ్చుకుంటుంది కనుక మధ్యలో నెట్ ఆగకూడదు. ఆ తరువాత విండోస్ సెట్టింగ్స్‌లో, లింకులు ఏ యాప్‌లో తెరుచుకోవాలో నిర్ణయించే డిఫాల్ట్ యాప్స్‌లో ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకుని, పైనున్న సెట్ డిఫాల్ట్ బటన్ నొక్కండి. 2022కు ముందు ఒక్కో రకం ఫైలుకూ విడిగా మార్చవలసి వచ్చేది.

రెండవ సమాధానం:
ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోని భాష విభాగంలో తెలుగును ఎంచుకోవచ్చు, అయితే కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగలవచ్చు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది నోటిఫికేషన్ల సంగతి. సైట్లు అనుమతి అడిగినప్పుడు కొత్తవారు తెలియక సరేనంటారు. ఇక ఆ సైటు మూసి ఉన్నా “మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది” వంటి బెదిరింపులు తెరమీదికి వస్తూనే ఉంటాయి. ప్రైవసీ విభాగంలోని అనుమతులలో, నోటిఫికేషన్ల కోసం వచ్చే కొత్త అభ్యర్థనలన్నిటినీ నిరోధించే గడిలో టిక్ పెట్టండి. దయచేసి ఈ పని మాత్రం మరచిపోకండి.

ప్రశ్న అడిగినవారు:
అన్నీ చేశాను, మెయిల్ లింకులు ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లోనే తెరుచుకుంటున్నాయి. అయితే ఈ రోజు ఒక పేజీలో “మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి” అని వచ్చిందని అమ్మ భయపడ్డారు.

మొదట సమాధానమిచ్చినవారు:
నొక్కకపోవడం మంచిదైంది. పేజీ లోపలి నుంచి దించుకోమనే అప్‌డేట్‌ను ఎప్పుడూ నమ్మవద్దు. ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ దాదాపు నాలుగు వారాలకొకసారి వస్తుంది, దాన్ని అదే తెచ్చుకుంటుంది. అనుమానం ఉంటే మెనూలోని సహాయం విభాగంలో “ఫైర్‌ఫాక్స్ గురించి” తెరవండి. తాజాగా ఉందో లేదో అక్కడే కనిపిస్తుంది. ఆ దారిని అమ్మగారి చేత ఒకటి రెండుసార్లు స్వయంగా చేయించండి.