అప్‌డేట్: వార్డులో పెద్దవాళ్ల ఒంటరితనం, ఏవి పనిచేశాయంటే

తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు వార్డులో రోజంతా గోడకేసి చూస్తూ పడుకుంటున్నారు, ఏం చేయాలి అని అడిగాను. మీ సలహాల్లో ఫలితం ఇచ్చినవి చెప్తున్నా.

ముందు కళ్లజోడు, వినికిడి మిషన్. మిషన్ చాలాసార్లు దిండు కింద డబ్బాలోనే ఉంటోంది. దాని జింక్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం ఆగి పెట్టాలి. వెంటనే పెట్టేసి, ‘పాడైంది’ అని పక్కన పడేస్తున్నారు. వినపడని మనిషితో కబుర్లేం సాగుతాయి, పాపం!

నిలబడి పలకరిస్తే ‘బాగున్నానమ్మా’తో మాట ఆగిపోతుంది. స్టూలు వేసుకుని కళ్ల ఎత్తులో కూర్చుని ‘గోంగూరలోకి ఎండుమిర్చా, పచ్చిమిర్చా?’ అని అడగండి, పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి.

ఫిజియో సరేనన్నవాళ్లకు మధ్యాహ్నం భోజనం మంచం మీద వద్దు, ఇద్దరిద్దరిని కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. పగటి కునుకు తగ్గితే రాత్రి నిద్ర పడుతుంది.

ఇవన్నీ కాలక్షేపం కోసమే కాదు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్న పెద్దవాళ్లలో 9.9 శాతం మందికే డెలీరియం (ఉన్నట్టుండి మతి తడబడి అయోమయంలో పడటం) వచ్చింది, మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతానికి.

టీవీ మాత్రం ఉపయోగపడలేదు. ఎదురుగా మోగుతున్నా ఎవరూ చూడటం లేదు.