యుద్ధం వస్తే ఐక్యరాజ్యసమితి ఉన్నట్టా, లేనట్టా?

కోటజంక్షన్ కుర్రోడు: సూటిగా అడుగుతున్నా. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడి ఆపమని భద్రతా మండలిలో తీర్మానం పెడితే 11 దేశాలు సరే అన్నాయి. దాడి చేసిన రష్యాయే వీటో (అయిదు పెద్ద దేశాలకి ఉన్న అడ్డుకునే హక్కు) కొట్టి పక్కన పడేసింది. ఆ నెల మండలికి అధ్యక్షత కూడా రష్యాదే! దొంగే పంచాయతీ పెద్ద అయ్యాక ఇంక తీర్పేటి? మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఖండించాయి, ఒక్క ట్యాంకైనా వెనక్కి తిరిగిందా? ఈ దౌత్యం, చర్చలు, షేక్‌హ్యాండ్‌లు అన్నీ దండగ. కాదన్నవాళ్ళు ఒక్క ఉదాహరణ చెప్పండి.

పలాస పప్పు: కరెక్ట్ బ్రో. ఉక్రెయిన్ 1994లో అణ్వాయుధాలు వదులుకుని బుడాపెస్ట్‌లో హామీ పత్రం తీసుకుంది. ఆ సంతకాల్లో రష్యాది కూడా ఉంది. అంతే సంగతి.

సోషల్ మాస్టారు (రిటైర్డ్): బాబూ, అందరూ వీటో దగ్గరే ఆగిపోతారు. వీటో ఎందుకు పెట్టారో కూడా చూడాలి కదా. అంతకుముందు నానాజాతి సమితి ఉండేది. అమెరికా అందులో చేరనే లేదు. చైనాలోని మంచూరియాని ఆక్రమించినందుకు తప్పు పట్టారని జపాన్ 1933లో లేచిపోయింది, అదే ఏడాది జర్మనీ, తర్వాత ఇటలీ. ఫిన్లాండ్ మీద దాడి చేసిందని 1939లో సోవియట్‌ను గెంటేశారు. చివరికి ఆ గదిలో మిగిలిందెవరు? పెద్ద దేశాలు లేచిపోకుండా కూర్చోబెట్టడానికి ఇచ్చిన తాయిలం ఈ వీటో. అది తీసేస్తే తీర్మానాలు చక్కగా నెగ్గుతాయి, అమలు చేసేవాడు మాత్రం ఉండడు. 1950లో కొరియా విషయంలో మండలి కదిలిందంటే అప్పుడు సోవియట్ ప్రతినిధి అలిగి సమావేశాలకు రావడం మానేశాడు కాబట్టే.

కోటజంక్షన్ కుర్రోడు: అంటే మీరూ పనికిరాదనే ఒప్పుకున్నట్టే కదా మాస్టారూ. పెద్దోళ్ళు గదిలో కూర్చుంటారు, బయట జనం చస్తారు.

బొబ్బిలి వీణ: మధ్యవర్తి అంటే మా ఊళ్ళో ఫ్రెంచి బుస్సీ దొరే గుర్తొస్తాడు. 1757. ఆయన తీర్చిన తగువు ఎలా ముగిసిందో అందరికీ తెలుసు.

పలాస పప్పు: అమ్మో, విజయనగరం బొబ్బిలి మళ్ళీ మొదలెట్టకండి, థ్రెడ్ వారం సాగుద్ది 😂

డాక్టరమ్మ నాన్న: నేను ఇక్కడ ఎక్కువ రాయను గానీ, దండగ అంటే ఊరుకోలేకపోతున్నా. మా అమ్మాయి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేది. మార్చి 1న అక్కడే కర్ణాటక కుర్రాడు సరుకుల కోసం క్యూలో నిలబడి చనిపోయాడు. మర్నాడు మన ఎంబసీ వాళ్ళు బళ్ళు దొరక్కపోతే నడిచైనా సరే సాయంత్రం ఆరింటికల్లా ఊరు దాటి పెసోచిన్ వైపు వెళ్ళిపొమ్మన్నారు. మా పిల్ల సూట్‌కేసు వదిలేసి, సర్టిఫికెట్లు ఒంటికి కట్టుకుని, పైన స్వెట్టర్ వేసుకుని మంచులో నడిచింది. ఫోన్ చార్జింగ్ అయిపోతుందని రెండు ముక్కలే మాట్లాడేది, "నడుస్తున్నాం నాన్నా, పెట్టేస్తున్నా" అని. ఆపరేషన్ గంగలో 22 వేలమంది పైన వచ్చారు. సుమీలో ఇరుక్కున్న ఏడొందల మంది పిల్లల కోసం ప్రధాని అటు పుతిన్‌తో, ఇటు జెలెన్‌స్కీతో మాట్లాడితే మర్నాడు దారి వదిలారు. మీ మిస్సైల్‌తో అయ్యే పనేనా అది?

కోటజంక్షన్ కుర్రోడు: అంకుల్, మీ అమ్మాయి క్షేమంగా వచ్చింది, సంతోషం. కానీ అది యుద్ధం ఆపడం కాదు కదా. మనవాళ్ళని మనం తెచ్చుకున్నాం, యుద్ధం దాని మానాన అది నడిచింది. నా ప్రశ్న ఆపిందా లేదా అని.

సోషల్ మాస్టారు (రిటైర్డ్): ఆ పట్టు వదలవా? సరే, ఇరాన్ ఇరాక్ యుద్ధం చూడు. 1980లో మొదలైంది. 1987 జూలైలో మండలి 598వ తీర్మానం చేసింది, వీటో లేకుండా, ఏకగ్రీవంగా. ఇరాన్ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. ఇద్దరూ అలిసిపోయాక, ఏ షరతుల మీద ఆపాలో రాసిపెట్టిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది కాబట్టి 1988 ఆగస్టులో తుపాకులు ఆగాయి. దౌత్యం చేసేది అంత మాత్రమే. తక్కువే. ఆ కాస్తా లేకపోతే అలిసిపోయినవాళ్ళకి ఆగే దారి కూడా ఉండదు. ఉక్రెయిన్‌లోనే 2022 జూలైలో తుర్కియే, ఐక్యరాజ్యసమితి కలిసి నల్లసముద్రం మీద ధాన్యం ఓడలకి దారి ఇప్పించాయి, ఏడాదిలో 3 కోట్ల టన్నులు పైగా బయటికెళ్ళాయి. యుద్ధం నడుస్తుండగానే.

కోటజంక్షన్ కుర్రోడు: ఏడాది తర్వాత రష్యా అందులోంచి కూడా తప్పుకుంది, అది చెప్పరేం?

తీరం: మీ ఇద్దరి ఉక్రెయిన్ అయ్యాక ఇటు కూడా చూడండి. 2018 నవంబర్‌లో గుజరాత్ సముద్రంలో పాకిస్తాన్ వాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం కలాసీలను (బోట్ల మీద కూలికి చేపలు పట్టేవాళ్ళను) పట్టుకుపోయారు. కరాచీ జైల్లో పడేశారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని వదిలారు. మధ్యలో ఏ దౌత్యం పనిచేసింది మాస్టారూ?

కోటజంక్షన్ కుర్రోడు: బ్రో, బోర్డర్ దాటితే పట్టుకోరా? వేరే దేశం నీళ్ళలోకి ఎందుకెళ్ళాలి?

తీరం: నీళ్ళ మీద కంచె ఉంటుందనుకున్నావా? ఆ పక్క సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర హద్దు ఎక్కడో రెండు దేశాలకీ ఇప్పటిదాకా తెగలేదు. 1968లో కచ్ సరిహద్దు తగువు మీద వేసిన ట్రిబ్యునల్ తీర్పిచ్చింది గానీ ఆ ముక్క వదిలేసింది. అరవై ఏళ్ళు కావస్తోంది. ఢిల్లీ, ఇస్లామాబాద్‌లే తేల్చుకోలేని హద్దు చీకట్లో వల లాగే కలాసీ తేల్చుకోవాలా? అడ్వాన్సు తీసుకుని గుజరాత్‌లోని వేరావల్ ఎందుకెళ్తారో తెలుసా? మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, బోటు కట్టుకోడానికి సరైన జెట్టీ లేదు.

మా చిన్నాన్న కూడా ఆ జైలు చూసి వచ్చినవాడే. ఏ ఏడో, ఏ ఊరో రాయను. బోటు ఓనరు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒక ఆఫీసుకి వెళ్తే, పట్టుకుపోయినట్టు రుజువేదీ అన్నారు. ఎవరు ఇస్తారండీ రుజువు, పాకిస్తాన్ నేవీ రసీదు ఇస్తుందా? నెలలు గడిచాక ఒక ఉత్తరం వచ్చింది. అందులో తన సంగతి ఒక్క ముక్క లేదు. వల అప్పు ఎంతయింది, చిన్నదానికి చెవులు కుట్టించారా, అంతే. పిన్ని ఆ ఉత్తరం పోస్ట్‌మాన్ చేత చదివించుకుని, మళ్ళీ మా చేత చదివించుకుంది.

సోషల్ మాస్టారు (రిటైర్డ్): బాబూ, బాధ అర్థమైంది. కానీ దీనికి చట్టం లేదనుకోవద్దు. సముద్ర చట్టాల ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఒక దేశానికి హక్కున్న సముద్రంలో) చేపలు పట్టినందుకు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వెయ్యకూడదు. రెండు దేశాలూ అందులో ఉన్నాయి. 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. శిక్ష పూర్తయి, ఏ దేశం మనిషో తేలాక నెలలో పంపెయ్యాలి.

తీరం: నెలలో! రాసుకున్నది అమలు కాకపోతే కుర్రోడు అన్నది తప్పెక్కడ? ఇంకోటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. 2019 ఫిబ్రవరి 27న మన పైలట్ అభినందన్ వర్ధమాన్ వాళ్ళకి చిక్కాడు. మార్చి 1 రాత్రికి వాఘా దాటాడు. మంచిదే, మేమూ టీవీ ముందు చప్పట్లు కొట్టాం. అదే రోజు మనవాళ్ళు కరాచీలో ఉన్నారు. అదే దేశం, అవే ఆఫీసులు. ఆయనకి మూడు రోజులు, వీళ్ళకి ఏడాది పైన. పని చెయ్యాలనుకుంటే దౌత్యం పనిచేస్తుంది అన్నమాట.

కోటజంక్షన్ కుర్రోడు: యుద్ధ విమానం నడిపినోడితో చేపలోళ్ళని పోలుస్తావా? బుర్ర ఉందా?

పలాస పప్పు: గురూ, మాట జాగ్రత్త.

డాక్టరమ్మ నాన్న: చేపలోళ్ళు అనడం బాగోలేదు. వాళ్ళ ఇంట్లో ఆడోళ్ళు చదువుతుంటారు.

తీరం: చెప్పేశాడుగా. చేపలోళ్ళు. ఢిల్లీలో కూడా ఇదే లెక్క, వాళ్ళు పైకి అనరంతే.

కోటజంక్షన్ కుర్రోడు: ఆ మాట తీసేస్తున్నా. కానీ నాదీ వినండి. మా అన్న ఆర్మీలో ఉన్నాడు, సరిహద్దులో. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైన దగ్గర్నుంచి అన్న ఫోన్ లేదు. అమ్మ అన్నం ముట్టలేదు. 10న సాయంత్రం కాల్పులు ఆగాయని మొదట చెప్పిందెవరు? ట్రంప్, తన ఫోన్లోంచి. తర్వాత మన విదేశాంగ కార్యదర్శి వచ్చి, వాళ్ళ డీజీఎంఓ (సైనిక ఆపరేషన్లు చూసే పెద్ద అధికారి) 3:35కి మన డీజీఎంఓకి ఫోన్ చేశాడు, అయిదింటి నుంచి ఆపుతున్నాం అన్నాడు. మధ్యవర్తి ఎవరూ లేరన్నది మన ప్రభుత్వం మాట. ఏది నమ్మాలి? పడ్డోళ్ళు పడ్డారు, ఎక్కడో కూర్చున్నోడు నేనే ఆపానంటాడు. అందుకే నాకు ఈ దౌత్యం పేరెత్తితే మంట.

సోషల్ మాస్టారు (రిటైర్డ్): ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ ఫోన్ లైనే కదయ్యా నేను పొద్దున్నుంచి చెప్తున్నది. తిట్టుకుంటున్న రోజుల్లో కూడా ఆ హాట్‌లైన్ తీసెయ్యలేదు. అణు స్థావరాల జాబితా 1992 నుంచి ప్రతి జనవరి 1న మార్చుకుంటూనే ఉన్నారు, కార్గిల్ అయ్యాక కూడా. మీ అన్న ఫోన్ మళ్ళీ మోగిందంటే ఆ లైన్ వల్లే.

తీరం: మాస్టారూ, ఆ లైన్ ఎవరి కోసం ఎత్తుతారు, ఎవరి కోసం ఎత్తరు, అదే నేనడిగింది. యుద్ధం వద్దనుకున్నప్పుడు అయిదు నిమిషాల్లో ఎత్తుతారు. ఖైదీల కేసులు చూడ్డానికి రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో ఒక కమిటీ వేశారు, 2013 తర్వాత అది కూర్చున్న పాపాన పోలేదు. దాన్ని కూర్చోబెట్టడానికి ఎవడి వీటో అడ్డం?

సోషల్ మాస్టారు (రిటైర్డ్): వీటో కాదు. రెండు పక్కలా ఓట్లు అడ్డం. శత్రువుతో మాట్లాడాడు అనిపించుకోవడం ఎవరికీ ఇష్టముండదు, దాని వల్ల లాభపడేది కలాసీలే అయితే మరీను.

కోటజంక్షన్ కుర్రోడు: అయితే మీరూ ఒప్పుకున్నారు, దమ్ము ఉన్నోడి కోసమే పనిచేస్తుందని.

తీరం: నువ్వు దాన్ని తీసెయ్యమంటున్నావ్, నేను మావాళ్ళకీ వాడమంటున్నా. రెండూ ఒకటి కాదు.

బొబ్బిలి వీణ: మన ఎంపీల చేత పార్లమెంటులో ప్రశ్న వేయించొచ్చు కదా, ఆ కమిటీ సంగతి.

సోషల్ మాస్టారు (రిటైర్డ్): వేయిస్తే జైళ్ళలో ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పి, ప్రయత్నాలు కొనసాగుతున్నాయని రాస్తారు.

తీరం: రాయనివ్వండి. ఆ లెక్కలో జిల్లాల వారీగా పేర్లు ఇమ్మని కూడా అడగాలి. డ్రాఫ్ట్ మీరు రాయండి మాస్టారూ, ఆ 73వ అధికరణం పెట్టి. సంతకాలు నేను పట్టుకొస్తా.