మార్కెట్లు కలిపేసుకున్నాక పింఛను, నిరుద్యోగ భృతి ఎవరి చేతిలో ఉంటాయి?

తీరం:
దేశాలు సుంకాలు ఎత్తేసి, మార్కెట్లు తెరిచి, కొన్నిచోట్ల కరెన్సీ కూడా ఒకటే చేసుకున్నాక, ఆ దేశాల సంక్షేమ పథకాలు ఏమవుతాయి? పెట్టుబడి వేరే దేశానికి పోతుందన్న భయంతో ప్రభుత్వాలు పన్నులు తగ్గిస్తాయి, పన్నులు తగ్గితే పింఛన్లకు, వైద్యానికి కోత పడుతుంది అని చాలామంది అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ డెన్మార్క్, స్వీడన్, నెదర్లాండ్స్ విదేశీ వ్యాపారం మీద బతికే చిన్న దేశాలు, తలుపులు బార్లా తెరిచి దశాబ్దాలైంది, అయినా సంక్షేమం అనగానే ముందు వాళ్ల పేరే వస్తుంది. అదే యూరోపియన్ యూనియన్‌లో ఉన్న గ్రీస్‌లో మాత్రం పింఛన్లు కోసేశారు. తేడా ఎక్కడుంది? కాస్త వివరంగా చెప్పండి, సిద్ధాంతాల పేర్లు చెప్పి వదిలేయకండి.

లెక్కల పుస్తకం:
తీరం గారూ, మీరు చెప్పిన చిన్న దేశాల సంగతి యాదృచ్ఛికం కాదు. డానీ రోడ్రిక్ అనే ఆర్థికవేత్త 1998లో చాలా దేశాల లెక్కలు తీసి చూస్తే, విదేశీ వ్యాపారం ఎక్కువున్న దేశాల్లోనే ప్రభుత్వ ఖర్చు కూడా ఎక్కువగా కనిపించింది. ఆయన చెప్పిన కారణం ఏంటంటే, మార్కెట్ తెరిస్తే ఎక్కడో ధర పడిపోయినా ఇక్కడ ఫ్యాక్టరీ మూతపడొచ్చు, ఆ రిస్కుకు జనం ఒప్పుకోవాలంటే పని పోయిన రోజున ఆదుకునే ఏర్పాటు ఉండాలి. నా దృష్టిలో ఇది బలమైన వాదన, తలుపు తెరవడానికి భృతి ఒక షరతు అన్నమాట.

అయితే సరుకు దాటడం వేరు, పెట్టుబడి దాటడం వేరు. కంపెనీల మీద పన్ను రేట్లు 1980ల నుంచి ధనిక దేశాల్లో దిగుతూనే వచ్చాయి, ఐర్లాండ్ 12.5 శాతానికి తెచ్చింది. 2021లో వందకు పైగా దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీలకు కనీసం 15 శాతం ఉండాలని ఒప్పుకున్నది ఈ పోటీని ఆపడానికే. మరి డెన్మార్క్ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుందంటే, కదలని వాటి నుంచి. జీతాల మీద గట్టి ఆదాయపు పన్ను, కొన్న ప్రతి వస్తువు మీదా దాదాపు 25 శాతం వ్యాట్. అంటే సంక్షేమం నిలబడింది కానీ దాని బరువు కంపెనీల మీద నుంచి జీతగాళ్ల మీదకి జరిగింది, దీన్ని ఎవరూ గట్టిగా మాట్లాడరు, మాట్లాడాలి.

నాలుగో గది:
పన్నుల సంగతి సరే గానీ అసలు దెబ్బ ఒకే కరెన్సీ వల్ల. యూరోలో చేరాక వడ్డీ రేటు మీ చేతిలో ఉండదు, మారకం విలువ తగ్గించుకోలేరు, పైగా 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందం ప్రకారం బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, ప్రభుత్వ అప్పు 60 శాతం దాటకూడదు. సంక్షోభం వస్తే సర్దుకోవడానికి మిగిలేది జీతాలు, పింఛన్లే. గ్రీస్‌లో 2012 ఫిబ్రవరిలో కనీస వేతనాన్ని ఒక్కసారిగా 22 శాతం కోశారు, 25 ఏళ్లలోపు వాళ్లకైతే 32 శాతం. నెలకు 751 యూరోలు ఉన్నది 586 అయింది. ఈ కోత అప్పిచ్చిన వాళ్లు పెట్టిన షరతు. ఓటు వేసే జనం ఏథెన్స్‌లో, షరతులు రాసేవాళ్లు ఇంకెక్కడో, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లెక్కల పుస్తకం:
నెదర్లాండ్స్ కూడా యూరోలోనే ఉంది కదండీ. గ్రీస్‌లో 2009 లోటు జీడీపీలో 15 శాతం దాటింది, అంతకుముందు చూపించిన లెక్కలు తప్పని తేలింది. మొత్తం కరెన్సీ మీద తోసేయలేం.

నాలుగో గది:
అయితే స్పెయిన్ తీసుకోండి. 2007లో బడ్జెట్ మిగులు, అప్పు జీడీపీలో 40 శాతం లోపే, నియమాలన్నీ పాటించిన దేశం. అయినా 2010 మేలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లో సగటున 5 శాతం కోత, 2011కి పింఛన్ల పెంపు ఆపేయడం తప్పలేదు. లెక్కలు తప్పు చూపించారని వాళ్లనెవరూ అనలేదే?

పడవ:
మీ ఇద్దరూ బడ్జెట్ దగ్గరే ఆగిపోయారు, కోర్టుల సంగతి కూడా చూడాలి. స్వీడన్‌లో చట్టం పెట్టిన కనీస వేతనం లేదు, కార్మిక యూనియన్లు కంపెనీలతో బేరమాడి ఒప్పందం చేసుకుంటాయి, అదే అక్కడి పద్ధతి. 2004లో వాక్స్‌హోమ్ అనే ఊళ్లో ఒక బడి కట్టడానికి లాత్వియా కంపెనీ లావల్ తన కార్మికులను తెచ్చింది, స్వీడన్ ఒప్పందం మీద సంతకం పెట్టనంది. యూనియన్ పని అడ్డుకుంది. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 2007 డిసెంబరులో యూనియన్‌కి వ్యతిరేకంగా తీర్పొచ్చింది, సేవలు అందించే స్వేచ్ఛకు ఆ అడ్డగింత భంగం అని. అప్పటికి స్వీడన్ పార్లమెంటు ఏ పథకాన్నీ రద్దు చేయలేదు, అయినా దశాబ్దాల పద్ధతికి చిల్లు పడింది. ఒకే చోట చేసే ఒకే పనికి ఒకే జీతం అన్న దిశగా నిబంధనలు సవరించడానికి 2018 దాకా పట్టింది.

మంచి జరిగిన సందర్భమూ ఉంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన వేతనం అన్న నిబంధన యూరోపియన్ యూనియన్‌కి ముందున్న కూటమిని పెట్టిన 1957 రోమ్ ఒప్పందంలోకి రావడానికి పెద్ద కారణం ఫ్రాన్స్ భయం, తన దగ్గర ఆ చట్టం ఉంది, పక్క దేశాల్లో లేకపోతే తన ఫ్యాక్టరీలు నష్టపోతాయని. పోటీ భయం లోంచి హక్కు పుట్టింది.

తీరం:
చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్. ఇంకొక్కటి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పనికి వెళ్లినవాళ్ల పింఛను ఎలా? భృతి కోసమే వలస వస్తారన్న మాట నిజమేనా?

పడవ:
పని చేయకుండా భృతి కోసమే వచ్చి ఉండే వాళ్లకి ఇవ్వక్కర్లేదని 2014లో డానో కేసులో అదే న్యాయస్థానం జర్మనీకి అనుకూలంగా చెప్పింది, కాబట్టి తలుపు అంత బార్లా ఏమీ లేదు. పని చేసినవాళ్లకైతే ఏర్పాటు నిజంగా బాగుంటుంది. స్పెయిన్‌లో పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్లు కట్టి ఉండాలి. ఒకామె అక్కడ 10 ఏళ్లు, జర్మనీలో 20 ఏళ్లు పనిచేసిందనుకోండి, స్పెయిన్ ఆమెని వెనక్కి పంపకూడదు, రెండూ కలిపి 30 ఏళ్లుగా లెక్కగట్టి తన వంతు మూడో భాగం ఇవ్వాలి, మిగతాది జర్మనీ తన రూల్స్ ప్రకారం ఇస్తుంది. ఇలా ఏళ్లు కలిపే పద్ధతి 1958లో, ఆ కూటమి పెట్టిన మొదటి ఏడాదే చేసిన నిబంధనల్లోనే ఉంది.